ఒకే దారి ఉన్న గవి

అనంతపురం పక్క ఎర్రనేలల్లో చెనక్కాయ, అంటే వేరుశనగ, పీకేశాక చేలు బోసిగా కనిపిస్తాయి గానీ, మట్టి అడుగున కాయలు ఇంకా మిగిలే ఉంటాయి. మనుషులు ఏరుకోగా మిగిలినవి పక్షులకు, పక్షులు వదిలేసినవి నేలమీద తిరిగే చిన్న ప్రాణులకు. బోడిగుట్ట కింద చేలలో ఉండే ఎలుకలు, ఉడతలు, కుందేళ్ళు, ముళ్ళపందులు ఆ కాయలతోనే ఎండాకాలాన్ని దాటేవి. ఎవరికి తోచిన చోట వాళ్ళు దాచుకునేవారు, వాన పడేదాకా పొదుపుగా తినేవారు.

పోయిన ఏడు మాత్రం వాన ఆలస్యమైంది. దాచినవి అయిపోయాయి. వంకలో ఇసుక కింద కూడా తడి తగ్గిపోయింది. చాలా ప్రాణాలు పోయాయి. ఎలుక ఓబులమ్మకు తల్లి పోయింది, కళ్ళు కూడా తెరవని ఒక కాన్పు పిల్లలు మొత్తం పోయారు. అందుకే ఈసారి కాయలు ఏరుకుంటున్నప్పుడు ఎవరి మొహంలోనూ సంబరం లేదు. ఎంత దాస్తే చాలుతుంది, ఎక్కడ దాస్తే నిలుస్తుంది అన్న బెంగ ఒక్కటే అందరికీ.

బెంగపడే వాళ్ళు నలుగురు చేరితే సలహా చెప్పేవాడు పిలవకుండానే వస్తాడు. అలాగే నక్క జంబన్న వచ్చాడు.

బోడిగుట్ట నడుమ ఒక గుహ ఉంది. ఆ ప్రాంతంలో గుహను గవి అంటారు. జంబన్న ఆ గవి ముందు బండమీద కూర్చుని అందరినీ పిలిపించాడు. వచ్చిన వాళ్ళు అతనికి అందనంత దూరంలో నిలబడ్డారు. అందుకు అతనేమీ నొచ్చుకోలేదు.

"మీరు దూరంగా నిలబడతారని నాకు తెల్సు. అది మీ తప్పు గాదు" అన్నాడు. "పోయినేడు నేనూ సచ్చి బతికినోణ్ణే. కనపడినోణ్ణల్లా తింటి. తిని తిని, కడాకు తినేదానికి ఎవరూ మిగల్లేదు. ముందుచూపు ల్యాకపోతే నక్క గతీ అంతే, ఎలుక గతీ అంతేనని అప్పుడు తెలిసొచ్చె. ఈ ఏడు పంట పీకినప్పట్నించి ఈ చేన్లో ఒక్కరిమీదన్నా నా పన్ను పడిందా? చెప్పండి."

పడలేదు. ఆ మాట నిజమే. రేగుపండ్లూ వంకలో ఎండ్రకాయలూ తిని అతను రోజులు గడుపుతున్నాడని అందరూ చూశారు.

"మీ బొరియల్లో చీమలు పడతాయి, వాన నీళ్ళు దిగుతాయి. ఈ గవి రాతిగవి. మీ కాయలన్నీ దీంట్లో పెట్టుకోండి. కాపలా నేనుంటా. వాన పడినంక గుట్ట అవతల మెత్తనేలలో విత్తుతా. పంట వస్తే ఒకటికి రెండు మీవి."

ఒకటికి రెండు అనేసరికి, దూరంగా నిలబడిన వాళ్ళు కాస్త దగ్గరికి జరిగారు.

ముందుగా కుర్ర కుందేలు చెంగల్రాయుడు నోరు విప్పాడు. వాడికి ప్రతిదీ ఆటే. "మామా, నాకింకా మీసాలే సరిగ్గా రాల్యా. ఇప్పుట్నించే దాసుకునే కర్మ నాకేంది? గడ్డి ఉండాది, దుంకేదానికి కాళ్ళుండాయి."

"కాళ్ళున్నప్పుడే దాయల్ల నాయనా. కాళ్ళు పోయినంక దాసేదానికి ఏముంటాది?"

చెంగల్రాయుడు చెవి గోక్కున్నాడు. పక్కనే ఉన్న వాళ్ళమ్మ, మంచి మాట చెప్పాడన్నట్టు తలూపింది.

ఉడత గంగులు ముందుకొచ్చాడు. "అన్నా, నేను చెట్టుకో చోట దాస్తా. సగం యాడ పెట్టింటినో మర్సిపోతా. ఇంట్లో రత్తమ్మ రోజూ అదే పోరు. ఏమి చేయల్ల?"

"అంతా ఒకే చోట పెట్టు. నువ్వు మర్సిపోయినా నేను మర్సిపోను."

ముళ్ళపంది సుంకన్న పెద్దవాడు. పండ్లు అరిగిపోయాయి. "గడ్డలు తవ్వీ తవ్వీ గోళ్ళు కూడా అరిగిపాయ జంబన్నా. కూర్చోని తినే రోజు యానాడొస్తాది?" అని అడిగాడు.

"ఈ ఏడు పెట్టు మామా. వచ్చే ఏడు కూర్చోని తింటావు."

జంబన్న చెప్పినవన్నీ అబద్ధాలే అయి ఉంటే కథ అక్కడే ముగిసేది. చిన్నప్పుడే దాచుకోవాలన్నది తప్పుమాట కాదు. ముసలితనానికి ఉంచుకోవాలన్నదీ తప్పు కాదు. మంచి మాటల వెనక నడిచి వచ్చే చెడ్డ ఆలోచనను పట్టుకోవడం చాలా కష్టం.

అందరూ జంబన్న మొహం చూస్తుంటే ఓబులమ్మ గవి లోపలికి చూస్తోంది. ఎలుకలకు ఒక అలవాటు ఉంది. బొరియ తవ్వితే దానికి వెనక ఇంకో దారి తవ్వుతారు. బయటికి కనిపించకుండా ఆ దారిని పల్చటి మట్టితో మూసి ఉంచుతారు. అది లేని బొరియలో గింజ పెట్టరు, పిల్లల్నీ పెట్టరు. ఆమెకు వాళ్ళమ్మ మొట్టమొదట నేర్పింది అదే.

"జంబన్నా, దీనికి వెనక దారి యాడుండాది?"

"వెనక దారా? దేనికమ్మా? దారి ఒకటే అయితే దొంగభయమూ ఒక పక్కే. ముందర నేనుంటా గదా."

"పెట్టేది ఎట్లనో చెప్పితివి. వాన పడక ముందే అవసరం వస్తే తీసుకునేది ఎట్ల?"

"మద్దెలో తీస్తే ఒకటికి రెండు రావు ఓబులమ్మా."

"రెండు రాకపోతే పోనీలే. పెట్టింది వస్తాదా?"

"ఎందుకు రాదు? అవసరం వస్తే వచ్చి నా చెవిలో ఒక మాట చెప్పు. నేను రమ్మన్నప్పుడు ఒక్కదానివే రా, తీసుకోని పో. ఎవరిది ఎంతుందో, ఎవరు యానాడు తీసుకుంటిరో ఇంకొకరికి తెల్సేది మర్యాద గాదు. ఎవరి గుట్టు వాళ్ళది."

ఈ మాట అందరికీ భలే నచ్చింది. ఇంట్లో లేదని పక్కింట్లో తెలియడం కన్నా పస్తుండటమే నయమనుకునే వాళ్ళు చేలలోనూ ఉంటారు.

"ఇంకొక్క మాట. దీంట్లో నీకేమొస్తాది?"

జంబన్న చల్లగా నవ్వాడు. "మీరు నా దగ్గరికి వస్తా పోతా ఉంటే చాలు తల్లీ. అదే నాకు పదివేలు."

ఓబులమ్మ ఇంకేదో అడగబోయింది. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. "ఏందబ్బా ఈ యమ్మ! మంచి పని మొదలు పెడతాంటే కీడు మాటలు!" నలుగురూ అటే చూశారు. ఓబులమ్మకు సిగ్గేసింది, నోరు మూసుకుంది. అడగవలసింది అడిగింది గానీ సరైన జవాబు వచ్చేదాకా నిలబడలేదు. ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆ తప్పు ఖరీదు తర్వాత చాలామంది కట్టారు.

కాయలన్నీ గవిలో చేరాయి. కుప్ప గవి వెనక గోడ దాకా పెరిగింది. ఓబులమ్మ కొంచెం తన బొరియలో ఉంచుకుని మిగిలినవి తనూ తెచ్చి పోసింది.

ఎండాకాలం వచ్చింది. రోహిణి కార్తె ఎండకు బండలు కాలుతున్నాయి. కుర్ర కుందేలు చెంగల్రాయుడు కొన్నాళ్ళుగా కనిపించడం లేదు. పచ్చిక ఉన్న చోటు వెతుక్కుని గుట్ట దాటి పోయి ఉంటాడని అనుకున్నారు. ఉడత గంగులూ కనిపించలేదు. అత్తగారి ఊరు పోయాడని రత్తమ్మ చెప్పింది. జంబన్న మాత్రం ఆ ఎండల్లోనూ నిగనిగలాడుతున్నాడు. వంకలో ఎండ్రకాయలే లేనప్పుడు ఆ నిగనిగ ఎక్కడిదని ఎవరికీ తోచలేదు.

ఒక ఉదయం చేనుకు ట్రాక్టరు వచ్చింది. వేసవి దుక్కి. నాగలి కొర్రులు ఓబులమ్మ బొరియను పైకి లేపి అవతల పారేశాయి. వెనక దారి ఉండబట్టి ఆమె, అప్పుడప్పుడే పళ్ళొస్తున్న ఈ ఏటి పిల్లల్ని నోట కరుచుకుని బయటపడింది, గట్టు మీది కలబంద పొదలో దాచింది. దాచిన గింజలు మాత్రం మట్టిలో కలిసి, కాకుల పాలయ్యాయి. పిల్లలు పాల కోసం పొట్టను కుమ్ముతుంటే ఆమె దగ్గర పాలు లేవు. పోయిన ఏటి పిల్లలూ ఇలాగే కుమ్మి కుమ్మి ఆగిపోయారు. అది గుర్తుకొచ్చి ఓబులమ్మ పిల్లల మీద ఎండుటాకులు కప్పింది. వెంటనే బయలుదేరి గవికి పోయింది.

జంబన్న ఎంతో మర్యాదగా పలకరించాడు. "అయ్యో, పిల్లలు బాగుండారా? నువ్వు దిగులు పడొద్దు. అదో చూడు, నీ కాయలు."

ఓబులమ్మ చూసింది. కుప్ప పోసింది పోసినట్టే ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడే కొంచెం తీసుకోని పోతా అన్నా."

"ఇప్పుడు అందరి కండ్లూ ఇక్కడే ఉంటాయి. సాయంత్రం పొద్దు గూకినంక రా. ఒక్కదానివే రా. లోపలికొచ్చి నీ చేత్తోనే తీసుకో."

ఆమె సరేనంది. తిరిగి వస్తూ నీళ్ళకోసం వంక దగ్గర ఆగింది. ఎండాకాలంలో వంక ఇసుకలో గుంట తవ్వితే కొన్ని నీళ్ళు ఊరతాయి. దాన్ని చెలమ అంటారు. ఆ చెలమ దగ్గర ఉడత రత్తమ్మ పిల్లలకు నీళ్ళు తాపుతోంది. పిల్లలు తోకలు తప్ప ఏమీ మిగలనంతగా చిక్కిపోయారు.

"యాణ్ణించి వస్తాండావు ఓబులమ్మక్కా?"

"ఊరికే. అట్ల తిరిగొస్తాండా" అంది ఓబులమ్మ. "గంగులన్న ఇంకా రాల్యా?"

"వస్తాడు. మా అమ్మోళ్ళ ఊర్లో ఏందో పనుండాదంట" అంది రత్తమ్మ, ఇసుక వైపు చూస్తూ.

ఓబులమ్మ నీళ్ళు తాగింది, పోవడానికి వెనక్కి తిరిగింది. తిరిగి అక్కడే ఆగిపోయింది. తను ఇప్పుడు అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పింది? తన ఇంట్లో గింజ లేదని రత్తమ్మకు తెలియకూడదని. తను చెప్పగలిగినప్పుడు రత్తమ్మ మాత్రం చెప్పకుండా ఉంటుందా?

"రత్తమ్మా, నేను అబద్ధం చెప్తి" అంది వెనక్కి వచ్చి. "గవి కాడికి పోయింటి. నా ఇంట్లో ఏమీ ల్యాదు. సాయంత్రం ఒక్కదాన్నే రమ్మన్నాడు. నువ్వు నిజం చెప్పు. గంగులన్న యాడికి పోయినాడు?"

రత్తమ్మ ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. "గవికే పోయినాడు అక్కా. పొద్దు గూకినంక పోయినాడు. మళ్ళా రాల్యా. కాయలన్నీ తీసుకోని, నన్నూ పిల్లల్నీ ఇడిసిపెట్టి యాడికో పోయినాడేమో అనుకుంటి. ఎవరితో చెప్పుకుందును? మొగుడు ఇడిసిపోయినాడని యా మొగంతో చెప్పుకుందును?"

చెలమ అవతల నీళ్ళు తాగుతున్న చెంగల్రాయుడి తల్లి మూతి పైకెత్తింది. మీసాల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మావాడూ పొద్దు గూకినంకే పాయె" అంది. "దాసింది అంతా తీసి తగలేస్తాడని తిట్టి పంపిస్తి. కోపంతో ఇల్లు ఇడిసినాడని అనుకుంటి. వాడు నన్ను ఇడిసి పోలేదా? ఓబులమ్మా, వాడు ఇడిసి పోలేదు గదా?"

ఆ తల్లి మొహం చూడలేక ఓబులమ్మ తల దించుకుంది. ఆ రోజు గవి ముందు ఎవరో విసుక్కుంటే తను ఎందుకు ఊరుకుంది? ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే!

రాయి నీడలో పడుకున్న ముళ్ళపంది సుంకన్న అంతా విన్నాడు. నెమ్మదిగా లేచి వచ్చాడు. "నేనూ అడిగితి తల్లీ. సిగ్గుకు చెప్పలేకపోతి. నన్ను మాత్రం లోపలికి పిలవడు. రేపు రా మామా, రేపు రా మామా అంటాడు. ఎందుకో నాకు ఇప్పుడు తెలుస్తాండాది. నా ఒంటి నిండా ముండ్లు గదా."

"కుప్పలో ఒక్క కాయ తక్కువ కాల్యా" అంది ఓబులమ్మ. "నేను కండ్లారా చూస్తి. వాడు కాయలు తినల్యా. వాడికి కావల్సింది కాయలు గాదు."

అంతకుమించి చెప్పవలసిన పని లేకపోయింది. రత్తమ్మ పిల్లల్ని పొదివి పట్టుకుంది. కాసేపటికి ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంది. "మామా, నీ ముండ్లు అరగల్యా గదా?"

"పండ్లే అరిగినాయి. ముండ్లు బాగుండాయి" అన్నాడు సుంకన్న.

ఆ మధ్యాహ్నం చేలలోని ఎలుకలన్నీ గుట్ట వెనక చేరాయి. ముందువైపు బండలే గానీ వెనకవైపు తవ్వితే ఊడివచ్చే గరుసు నేల. మంచి ఎండలో, కూలికి వెళ్ళిన వాళ్ళలా ఆగకుండా, చప్పుడు చేయకుండా తవ్వాయి. ఉడతలు మట్టిని అవతలికి తోశాయి. ఆకలితో కళ్ళు తిరిగినవాళ్ళు నీడలో కూర్చుని మళ్ళీ వచ్చి తవ్వారు. పొద్దు వాలేసరికి ఎలుక పట్టేటంత దారి కాయల కుప్ప వెనక దాకా పోయింది. కుప్ప అడ్డంగా ఉండటం వల్ల, ముందు పక్క పడుకున్న జంబన్న చెవికి ఏమీ చేరలేదు.

పొద్దు గూకింది. జంబన్న లేచి గవి ద్వారం పక్కన, లోపల చీకటిలో నక్కి కూర్చున్నాడు. చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. "వస్తి అన్నా" అన్న ఓబులమ్మ గొంతూ వినిపించింది. ద్వారంలో ఏదో కదిలింది. జంబన్న నోరు తెరుచుకుని ఎగిరి దూకాడు.

ఓబులమ్మ ఆ మాట ద్వారం పక్క నుంచి చెప్పి తప్పుకుంది, గుట్ట వెనక తవ్విన దారికి పరుగెత్తింది. లోపలికి వచ్చింది సుంకన్న. ముళ్ళు నిక్కబొడుచుకుని, వీపు ముందుకు పెట్టి, వెనక నడక నడుస్తూ వచ్చాడు. జంబన్న మూతి ఆ ముళ్ళల్లో దిగబడింది. పెద్దగా అరిచి లోపలికి పడ్డాడు. సుంకన్న ఆ ఇరుకు ద్వారంలోనే బైఠాయించాడు. అతని పక్కన అతని ఇల్లాలూ వచ్చి కూర్చుంది. ముళ్ళు తగలకుండా దాటే సందు కూడా మిగల్లేదు.

జంబన్న గవి అంతా కలయదిరిగాడు. పక్కల రాయి, పైన రాయి. కుప్ప మీదికి ఎక్కితే కాయలు కాళ్ళ కింద జారుతున్నాయి, ఎవరో వెనకనుంచి లాగుతున్నట్టు ఒక్కొక్కటీ తరిగిపోతున్నాయి. కుప్ప వెనక చిన్న రంధ్రంలో ఓబులమ్మ కళ్ళు కనిపించాయి. రంధ్రంలో మూతి పెట్టబోయాడు. మూతిలో గుచ్చుకున్న ముళ్ళు పట్టనివ్వలేదు.

"ఓబులమ్మా, తల్లీ" అన్నాడు, మాట సరిగ్గా రాని నోటితో. "ఈ గవిలోంచి బయటికి పోయేదానికి ఇంకో దారి యాడుండాది?"

"ఆ మాట మొట్టమొదట అడిగింది నేనే జంబన్నా" అంది ఓబులమ్మ. "ల్యాదని నువ్వే చెప్తివి."

ఆమె గొంతులో సంతోషం లేదు. అప్పటికే కుప్ప వెనక మూలన ఆమెకు మూడు చారల తోలు ముక్క ఒకటి, పొడుగాటి చెవి ఒకటి కనిపించాయి. వాటిని ముందు బయటికి పంపించింది. కాయలు తర్వాత.

కాయలన్నీ అవతలికి చేరాక, తెల్లవారుజామున జంబన్న తెగించి ముళ్ళ మీదికే దూకి బయట పడ్డాడు. మొహం నిండా ముళ్ళతో గుట్ట దిగిపోయాడు. ఎవరూ వెంటపడలేదు. ఆ నోటితో అతను మళ్ళీ ఏదీ తినలేకపోయాడు. వాన పడినప్పుడు గుట్ట అవతల అతను విత్తుతానన్న మెత్తనేల దగ్గర పశువులు కాసే పిల్లలకు ఎముకలు కనిపించాయి.

గంగులు వాటా రత్తమ్మకు ఇచ్చారు. చెంగల్రాయుడి వాటా వాడి తల్లి ముందు పోశారు. ఆమె వాటిని ముట్టుకోలేదు. మూడో పూట, ఓబులమ్మ పిల్లలు చెంగల్రాయుడి తల్లి ఒడిలోకి ఎక్కి, వాళ్ళకు వాళ్ళే కాయలు కొరకడం మొదలుపెట్టారు. అప్పుడు ఆమె ఒక కాయ ఒలిచి, గింజ తీసి, అన్నిటికన్నా చిన్నదాని నోటికి అందించింది.

ఇప్పటికీ ఆ చేలలో కాయలు ఏరే రోజులు వస్తే అందరూ చెలమ దగ్గర చేరతారు. ఎవరు ఎక్కడ దాస్తున్నారో, అవసరమొస్తే ఎలా తీసుకుంటారో గొంతెత్తి చెప్పుకుంటారు. ఎవరైనా సిగ్గుపడి గొణిగితే, చెంగల్రాయుడి తల్లి ఆపి, గట్టిగా చెప్పమంటుంది.

నీతి: దాచుకునే ముందే తీసుకునే దారి ఏదో అడుగు, నలుగురిలో అడుగు, జవాబు వచ్చేదాకా అడుగు.